బస్సెక్కిన పొట్లాలు

కౌన్సిలు భవనం, మేడ మీద గది
మార్చి మొదటి వారం

మరదలు పిల్లకి,

గెలిచాం! ఈ ఒక్క ముక్క ఫోన్లో చెప్పొచ్చు. కానీ నువ్వు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మిషను తొక్కుతావు, నా మాటల్లో సగం సూది కిందే నలిగిపోతాయి. అందుకే ఉత్తరం. తమ్ముడి బస్సు రోజూ మీ ఊరికీ మా ఊరికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. కండక్టరు తమ్ముడున్నందుకు ఆ మాత్రం టపా మోయించకపోతే ఎలా?

'గది సువాసన' పేరుతో అమ్ముతున్న వెండిరంగు పొట్లాలను మా ఊళ్ళో నిషేధించాం. నా వార్డులో గ్యాసు బండలు మోసే అతను పోయాడని చెప్పాను కదా. పొట్లం మీద 'మనుషుల వాడకానికి కాదు' అని అచ్చేసి ఉంది. లోపలున్న ఎండుటాకు మీద ఏ రసాయనం చల్లారో డాక్టర్లకే తెలియలేదు. సిగరెట్టులా చుట్టి పీల్చాడు, ఎవరింటి మెట్ల మీదో గుండె ఆగిపోయింది. అతని భార్య నా గదికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "షాపులో బిల్లేసి అమ్మారండి. విషాన్ని బిల్లేసి ఎలా అమ్మనిచ్చారు?" అంది. ఆ సాయంత్రమే మా కౌన్సిలు లాయరుగారిని పిలిపించాను.

నిన్న సభలో మా లాయరుగారు నిషేధించాల్సిన రసాయనాల పేర్లు చదివారు. ఒక్కొక్కటీ రైలంత పొడుగు. ఎప్పుడూ కునుకు తీసే మార్కెట్టు సభ్యుడు కూడా ఉలిక్కిపడి లేచాడు, ఎవరో తనని తిడుతున్నారనుకుని. చివరికి అందరూ చేతులెత్తారు. ఇకమీదట ఆ సరుకు అమ్మినా, దాచినా, ఊళ్ళోకి తెచ్చినా నేరమే.

గ్యాసతని ఇంటికి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ తల ఊపింది, అంతే.

నీ వదిన


కుట్టు షాపు, బస్టాండు ఎదురుగా
ఏప్రిల్ మొదట్లో

వదినగారికి,

నమస్కారాలు. మీ గెలుపు గురించి మీ తమ్ముడు టిక్కెట్టు కొట్టిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారట. "మా అక్క" అనేటప్పుడు చొక్కా గుండీలు తెగిపోతాయేమో అన్నంతగా పొంగిపోతారు. తెగితే కుట్టాల్సింది నేనే కదా, నాకు తెలుసు.

ఇక అసలు సంగతి. కోప్పడితే కోప్పడండి గానీ, పూర్తిగా చదివి కోప్పడండి. మీ ఊళ్ళో మీరు తలుపేశారు. లోపలున్నదంతా మా వీధిలోకి వచ్చి పడింది. నా షాపుకి రెండు షాపుల అవతల కానుకల షాపాయన ఉన్నాడు కదా, ఎప్పుడూ పళ్ళు బయటే ఉంటాయని నేను నవ్వులాయన అంటానే, ఆయన దగ్గర ఇదివరకు ఈ పొట్లాలు ఓ మూల ఉండేవి. ఇప్పుడు ఫోటో ఫ్రేములు మూలకి పోయాయి. సాయంత్రం బస్సు ఆగితే చాలు, మీ ఊరి వాళ్ళు బిలబిలమంటూ దిగి అక్కడ వరస కడుతున్నారు. కొందరు తిరుగు బస్సు దాకా కూడా ఆగలేరు. బస్టాండు బల్లల మీదే కానిచ్చేస్తారు. మొన్న ఒకతను ఆగి ఉన్న బస్సు అద్దానికి తల కొట్టుకుంటూ పోయాడు. ఎందుకు కొట్టుకుంటున్నాడో అతనికే తెలీదు.

ఆసుపత్రి యూనిఫాంలు కుట్టేది నేనే కదా. పెద్ద నర్సమ్మ చెయ్యి భుజం దాకా చిరిగిన గౌను తెచ్చి మిషను మీద పడేసింది. "అతుకు పెట్టకు, చెయ్యి మొత్తం మార్చెయ్యి. ఈ నెల్లో ఇది ఎన్నో గౌనో నీకే తెలియాలి" అంది. పొట్లం పీల్చి వచ్చిన, సన్నగా పుల్లలా ఉన్న మనిషిని పట్టుకోడానికి వార్డు వార్డంతా వచ్చిందట.

ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి వదినా. మీరు చట్టం చేస్తే ఇది మా మీద పడుతుందని మీకు ముందే తెలుసా?

మీ మరదలు


కౌన్సిలు భవనం
ఏప్రిల్ చివర

మరదలు పిల్లకి,

తెలుసు.

ఓటింగుకి ముందే లాయరుగారు అన్నారు: "ఇక్కడ ఆపితే పక్క ఊరికి పోతుందండి." ముందు మన ఊరు చూసుకుందాం అన్నాను. ఆ పక్క ఊళ్ళో నువ్వున్నావన్న సంగతి అప్పుడు తట్టలేదంటే అబద్ధమవుతుంది. తట్టింది. అయినా ఓటు పెట్టించాను. మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ పెట్టిస్తాను. నువ్వు ఎన్ని మాటలన్నా పడతాను.

జవాబు ఆలస్యం చేసింది మొహం చెల్లక అనుకోకు. ల్యాబు నివేదిక కోసం ఆగాను. మా ఊళ్ళో ఒకడి దగ్గర పొట్లాలు పట్టుకున్నాం. నివేదిక వచ్చింది, కేసు పోయింది! మేం రాసిన పేర్లలో ఒక్కటి కూడా అందులో లేదట. రసాయనంలో ఓ కొస కత్తిరించి ఇంకో కొస అతికిస్తారు. నీ భాషలో చెప్పాలంటే, కాలరు మార్చి అదే చొక్కా అమ్ముతున్నారు. చొక్కా పేరు కొత్తది కాబట్టి మా కాగితం దాన్ని ముట్టుకోలేకపోయింది. పైగా ఈ కొత్తది పాతదానికంటే ఘాటట. పట్టుబడినవాడు నా గుమ్మం ముందే ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

నేను ఊరుకోను. పేర్లతో పని లేకుండా చట్టం రాసే దారి ఉందేమో చూడమని లాయరుగారి ప్రాణం తీస్తున్నాను. ఈలోగా నువ్వు మీ కౌన్సిలుకి వెళ్ళు. సభలో జనం మాట్లాడే వేళ ఒకటి ఉంటుంది. పేరు రాయించుకో. నర్సమ్మని తీసుకెళ్ళు. ఏడవకు, అరవకు. కళ్ళతో చూసిందే చెప్పు.

మా ఊళ్ళోకి ఇంకా సరుకు ఎలా వస్తోందో మాత్రం అంతుపట్టడం లేదు. ఊరి పొలిమేరలో కార్లన్నీ ఆపి వెతుకుతున్నారు. ఏమీ దొరకదు.

నీ వదిన


కుట్టు షాపు
మే నెల

వదినగారికి,

మీరు తెలుసన్నారు చూడండి, ఆ ముక్క చదివి కత్తెర పక్కన పెట్టేశాను. కోపం వచ్చింది. తర్వాత, తెలీదని బొంకి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేదనిపించింది. మళ్ళీ కత్తెర తీశాను.

వెళ్ళాను వదినా. ఆ హాల్లో మైకు ముందు నిలబడితే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఊళ్ళో వాళ్ళందరి నడుం కొలతలూ తెలిసినదాన్ని, వాళ్ళ ముందే నా పేరు చెప్పడం మర్చిపోయాను. చూసిందంతా చెప్పాను. నర్సమ్మ చిరిగిన గౌను చేతిలో పట్టుకుని, "ఈ ఊళ్ళో నర్సు ఉద్యోగానికి ఇక మీదట కుస్తీ కూడా నేర్పించండి" అంది. కొందరు నవ్వారు, తర్వాత సిగ్గుపడ్డారు. నవ్వులాయన మొదటి వరసలోనే కూర్చున్నాడు. "నేను గదుల్లో పెట్టుకునే సువాసన అమ్ముతున్నానండి. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేస్తారో నేను కాపలా కాయాలా?" అన్నాడు. ఒక సభ్యుడు లేచి ఆయన్ని వెనకేసుకొచ్చాడు. ఏదేదో వాగాడు. అవన్నీ రాయడం అనవసరం.

తేల్చకుండా వాయిదా వేశారు. నేను మళ్ళీ పేరు రాయించి వచ్చాను.

మీ తమ్ముడు బాగానే ఉన్నారు. ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. ఆయనకి పని ఎక్కువగా ఉంది.

మీ మరదలు


కౌన్సిలు భవనం
జూన్ రెండో వారం
పోస్టు ద్వారా

కండక్టరుగారి భార్యకు,

నిన్న పొద్దున మా ఇన్‌స్పెక్టరు కార్లను వదిలేసి బస్సు ఆపాడు. వెనక సీటు కింద నాలుగు పెట్టెలు. పైన కొత్త పొట్లాలు, అడుగున మార్చి కంటే ముందరి పాత సరుకు. పాతదాన్లో మేం నిషేధించిన రసాయనమే ఉంది. పెట్టెలు ఎవరివని అడిగితే నా తమ్ముడు, "గది సువాసనండి, అలంకారానికి, నాకు తెలీదు" అన్నాడట. చిలక పలికినట్టు మూడుసార్లు అదే మాట.

ఇన్‌స్పెక్టరు నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఏం చెయ్యమంటారు?" అన్నాడు. "ఇంకెవరైనా అయితే ఏం రాస్తావో అదే రాయి. తలుపు తెరిచి వెళ్ళు" అన్నాను. రాశాడు.

మా ఈతకొలను దగ్గర టిక్కెట్లిచ్చే అమ్మాయి ఆసుపత్రిలో ఉంది. ఆ కొత్త పొట్లమే. కిడ్నీలు దెబ్బతిన్నాయంటున్నారు. పీల్చింది ఒక్కసారేనట.

నీ పోయిన ఉత్తరంలో, ఎవరో సభ్యుడు వాగింది రాయడం అనవసరం అన్నావు. నాకు అదే కావాలి. ఏమన్నాడు?

సంతకం పెట్టడానికి కూడా చెయ్యి రావడం లేదు.


కుట్టు షాపు
జూన్ చివర

వదినగారికి,

మీరు నన్ను మరదలనకపోయినా నేను వదినా అనే అంటాను.

ఆ సభ్యుడు అన్నది ఇది. "నీతులు తర్వాత చెబుదువుగాని, ముందు మీ ఆయన్ని అడుగమ్మా. రోజూ ఆ పెట్టెలు బస్సెక్కించేది ఆయనే." హాలంతా నా వైపు తిరిగింది. నేను చెప్పాల్సింది చెప్పేసి కూర్చున్నాను. ఎలా కూర్చున్నానో నాకు తెలీదు.

ఇంటికొచ్చి అడిగాను. ఆయన బూట్లు విప్పుకుంటున్నారు.

"అవి ఏం పెట్టెలండి?"

"పార్సెళ్ళు. వెంట మనుషులు లేని పార్సెళ్ళు నేను ఎక్కించుకోనా ఏంటి? పూలకుండీలు ఎక్కించాను, కుక్కపిల్లని ఎక్కించాను."

"అందులో ఏముందో తెలుసా, తెలీదా?"

"మొదట్లో తెలీదు."

"తర్వాత?"

రెండో బూటు విప్పడం మానేశారు. "మన ఊళ్ళో నేరం కాదుగా" అన్నారు.

"బస్సు మన ఊళ్ళోనే ఆగిపోతుందా?" అన్నాను. ఇక మొయ్యనని మాటిచ్చారు. నమ్మాను. నమ్మడమే తేలిక కాబట్టి నమ్మాను. మీకు రాస్తే అక్క దగ్గర ఆయన పరువు పోతుందని రాయలేదు. రాసి ఉంటే ఆ నాలుగు పెట్టెలూ మీ ఊరు చేరేవి కావు. ఆ సంగతి నాతోనే ఉంటుంది, మీరు ఓదార్చకండి.

ఇంకొకటి మీకు తెలీదు. కేసు రాసిన మూడోనాడు ఆయన మీ ఊరి ఆసుపత్రికి వెళ్ళారు. మీ ఇంటి గుమ్మం దాటుకునే వెళ్ళారట, లోపలికి రావడానికి ధైర్యం చాలలేదు. ఆ టిక్కెట్ల అమ్మాయి సాయంత్రాలు ఆయన బస్సులోనే ఇంటికెళ్ళేది. "నాదీ టిక్కెట్ల ఉద్యోగమే, చిల్లర కష్టం మనకే తెలుసు" అని ఆయనతో పోట్లాడేదట. అద్దం ఇవతల నిలబడి, గొట్టాల మధ్య ఉన్న ఆ పిల్లని చూసి వచ్చారు. వచ్చి, నా కుట్టుబల్ల మీద చేతులు పెట్టుకుని అన్నారు:

"ఆ కానుకల షాపువాడు నాకు ఏం నేర్పాడో అంతా చెబుతాను. ఎక్కడ చెప్పమంటే అక్కడ."

నేర్పడం అంటే ఇదీ. 'పీల్చు' అన్న మాట నోట రాకూడదు. ఎవరడిగినా 'గది సువాసన, అలంకారానికి, నాకు తెలీదు' అనాలి. నవ్వులాయన దగ్గర రెండు రకాల అట్టచీటీలుంటాయట, మీ ఊరికొకటి, మా ఊరికొకటి. మీరు కొత్త పేరు నిషేధిస్తే ఆ సాయంత్రానికే చీటీ మార్చి అంటిస్తాడు. మీ తమ్ముడు కళ్ళారా చూశారు.

ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి.

మీ మరదలు


కౌన్సిలు భవనం
జులై మొదట్లో

మరదలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి లాయరుగారికి అందులో ఒక పేజీ మాత్రం చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇన్నాళ్ళూ మనం పొట్లంలో వెతుకుతున్నాం. అమ్మేవాడి నోట్లో వెతకాలండి" అన్నారు. రాత్రికి రాత్రే రాసి తెచ్చారు. ముఖ్యమైన వాక్యం ఇది:

'పేరేదైనా, కూర్పేదైనా, మత్తుకోసం వాడతారని తెలిసి అమ్మే, దాచే, చేరవేసే ప్రతి పదార్థానికీ ఈ నిషేధం వర్తిస్తుంది.'

తెలిసి అమ్మాడని రుజువు చెయ్యాలి. పొట్లం మీద ఒకటి అచ్చేసి చెవిలో ఇంకొకటి చెప్పడం, ఊరికో చీటీ అంటించడం, మనిషికి మాటలు నేర్పడం, ఇవన్నీ రుజువులే. ల్యాబు ముందు నెలల తరబడి పడిగాపులు పడక్కర్లేదు. 'చేరవేసే' అన్న మాట చేర్పించింది నేనే. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

తమ్ముడి కేసు విన్న రోజు నేను భవనంలో లేను. లాయరుగారు, ఇన్‌స్పెక్టరు చూసుకున్నారు. జరిమానా పడింది. కట్టమను. నేను కట్టను, తగ్గించమనీ అడగను. వాడు చిన్నప్పటి నుంచీ పక్కవాడు చెప్పిందానికి తల ఊపే రకం. నా మాటకీ అలాగే ఊపేవాడు, అప్పుడు నాకు బాగానే ఉండేది.

ఇదే కాగితం మీ కౌన్సిలుకి పంపిస్తున్నాను. మీ సభలో వాడు మాట్లాడాలి. నేను రాను. వస్తే అక్క నేర్పిన పాఠం అంటారు. ఇప్పటికే వాడికి మాటలు నేర్పినవాళ్ళు చాలు. నువ్వు కూడా ఏమీ నేర్పకు. చొక్కా ఇస్త్రీ చెయ్యి, అంతవరకే.

నీ వదిన


కుట్టు షాపు
జులై చివర

వదినగారికి,

చొక్కా ఇస్త్రీ చేశాను. నోరు మూసుకున్నాను. రెండోదే కష్టమైంది.

హాలు నిండిపోయింది. నర్సమ్మ వార్డు వార్డునే వెంటబెట్టుకొచ్చింది. మీ తమ్ముడు మైకు దగ్గరకెళ్ళి, బస్సులో "ముందుకు జరగండి" అని అరిచే మనిషి, పిల్లిలా మాట్లాడారు. అధ్యక్షులు గట్టిగా చెప్పమన్నారు. అప్పుడు చెప్పారు. పెట్టెలు ఎక్కడ తీసుకున్నదీ, ఎవరికిచ్చిందీ, చీటీల సంగతీ, అన్నీ. తన తప్పుకి సాకులు వెతకలేదు.

నవ్వులాయన లేచాడు. అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

"కండక్టరుగారూ, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. నేను ఒక్కసారైనా పీల్చమని అన్నానా?"

"అనలేదండి. అనకూడదని చెప్పారు. ఆ మాట బస్సులో నా నోట వస్తే పెట్టెలు ఇంకొకరికి ఇస్తానన్నారు." మీ తమ్ముడు ఆయన వైపు తిరిగారు. "సబ్బులు మోశాను, అగ్గిపెట్టెలు మోశాను, ఏ షాపాయనా నాకు మాటలు నేర్పలేదండి. గదిలో వాసన కోసమే అయితే, 'పీల్చు' అంటే మీకు అంత భయం దేనికి?"

వదినా, ఆ నవ్వు ఆగడం నేను చూశాను. వెనకేసుకొచ్చే సభ్యుడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఓటు పెడితే చాలామందే చేతులెత్తారు, ముగ్గురు ఎత్తలేదు. కాగితం నెగ్గింది.

బస్సు కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి పక్కన పెట్టింది. ఎన్నాళ్ళో చెప్పలేదు. ఇంట్లో కూర్చుని నా బొత్తాలన్నీ రంగుల వారీగా సర్ది పెట్టారు, ఇప్పుడు నాకు ఒక్కటీ దొరకదు. నవ్వులాయన కోర్టుకెళతానంటున్నాడు. షాపు మాత్రం మూసి ఉంది. బస్టాండు బల్లల మీద ఇప్పుడు ప్రయాణికులు కూర్చుంటున్నారు.

మీ మరదలు


కౌన్సిలు భవనం
ఆగస్టు

మరదలు పిల్లకి,

మా సభ కూడా పాత కాగితం తీసేసి ఇదే ఆమోదించింది. కోర్టుకు వెళితే వెళ్ళనీ. లాయరుగారు చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నారు. గ్యాసతని భార్య సభకొచ్చి ముందు వరసలో కూర్చుంది. ఈసారి కుర్చీ తనే లాక్కుంది.

టిక్కెట్ల అమ్మాయి కళ్ళు తెరిచింది. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చెయ్యాలట. ఎన్నాళ్ళో తెలీదు. తమ్ముడు వచ్చాడని చెప్పాను. "ఆయన్ని నేను చూడను" అంది. వాడికి ఈ మాట దాచకుండా చెప్పు.

సంబరపడే లోపే ఇంకో కబురు. తమ్ముడి రూట్లో చివరి స్టాపు ఊరుంది కదా, అక్కడి పెట్రోలు బంకులో 'మొక్కల బలం' అని కొత్త పొట్లాలు దిగాయట. వెండిరంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. వాళ్ళ కౌన్సిలుకి నేను ఉత్తరం రాశాను. పక్క ఊరి సభ్యురాలి ఉత్తరం ఏ సొరుగులో పడుతుందో నాకు బాగా తెలుసు. ఇంతకుముందు అలాంటివి నేనూ పడేశాను. నేనే వెళ్ళాలి. వచ్చే నెల చూస్తాను.

వీలైతే ఒకసారి ఇంటికి రండి. ఇద్దరూ.

నీ వదిన


కుట్టు షాపు
సెప్టెంబరు

వదినగారికి,

ఆ అమ్మాయి అన్న మాట ఆయనకి చెప్పాను. చేతిలోని బొత్తాల డబ్బా కింద పెట్టారు. తర్వాత, "అననీ. అలా అనే హక్కు ఆ పిల్లకుంది" అన్నారు. మీ ఉత్తరంలో పెట్రోలు బంకు సంగతి మళ్ళీ చదివించుకుని, "వచ్చే నెల దాకా ఎందుకు?" అన్నారు.

మర్నాడే బయల్దేరాం. ఆయన కండక్టరుగా తిరిగిన బస్సులోనే, టిక్కెట్టు కొనుక్కుని. కొత్త కండక్టరు డబ్బులొద్దంటే ఆయన ఒప్పుకోలేదు.

ఆ చివరి స్టాపు ఊరి కౌన్సిలు హాలు మన బస్టాండు వెయిటింగు గదంత ఉంది. జనం లేరు. ఒక ముసలాయన వీధిదీపం గురించి వచ్చాడు, ఇద్దరు ఫ్యాను గాలి కోసం కూర్చున్నారు. అధ్యక్షురాలు కళ్ళజోడు ముక్కు మీదకు దింపుకుని కాగితాలు సర్దుకుంటోంది. మా పేరు పిలిచినప్పుడు తలెత్తలేదు. "పక్క ఊళ్ళ వాళ్ళకి ఇక్కడేం పనండీ? త్వరగా చెప్పండి" అంది. నాకు ఒళ్ళు మండి లేవబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే లేచారు.

"మీ పెట్రోలు బంకులో అమ్ముతున్న పొట్లాల గురించి వచ్చామండి."

"అందులో ఏముందో మాకు ల్యాబు నివేదిక ఏమీ లేదే. మీకెలా తెలుసు? ఇంతకీ మీరెవరు?"

"ఇలాంటివే పక్క ఊళ్ళోకి మోసిన కండక్టర్నండి" అన్నారు. ఈసారి ఎవరూ గట్టిగా చెప్పమనాల్సిన పని లేకపోయింది.

ఆవిడ కాగితాలు పక్కన పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. గుమాస్తా వైపు తిరిగి వీధిదీపం తర్వాత చూద్దామంది.

"కూర్చోండి. మొదట్నుంచి చెప్పండి."

మీ మరదలు